బొత్తాం ‘ఊఁ’ అన్నప్పుడు

మధ్యాహ్నం మూడు గంటలకు ఈతకొలను పైకప్పు మీద వెలుగు ఈదుతూ ఉంటుంది.

పైన అద్దాల కిటికీల్లోంచి ఎండ దిగి నీళ్ళకు తగులుతుంది. అక్కడి నుంచి ఎగిరి పైకప్పుకు అంటుకుంటుంది. అంటుకుని ఊరుకోదు. వలలా సాగుతుంది, ముడుచుకుంటుంది, మళ్ళీ సాగుతుంది.

చేపపిల్ల వెల్లకిలా తేలుతూ ఆ వలనే చూస్తోంది. చెవులు రెండూ నీళ్ళలో ఉన్నాయి. బయటి కేకలు, నవ్వులు, తడి కాళ్ళతో పరిగెత్తేవాళ్ళ టపటపలు, ఏవీ లోపలికి రావడం లేదు. తన ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. ఎక్కడో దూరంగా ఎవరో నిద్రపోతున్నట్టు ఉంది ఆ చప్పుడు.

బళ్ళో ఆ పిల్లకి వేరే పేరు ఉంది. కానీ నాలుగేళ్ళప్పుడు నీళ్ళలో దిగి, బయటికి రానని మొండికేసిన రోజు నుంచి అందరికీ చేపపిల్లే. ఇప్పుడు పదేళ్ళు నిండాయి. నీళ్ళలో ఎంత చురుకో, గట్టు మీద అంత పరధ్యానం.

“దీనితో మాట్లాడుతుంటే నా మొహం చూడదు. నా వెనక గోడని చూస్తుంది” అంటుంది వాళ్ళమ్మ.

ఎవరో మొహం మీద నీళ్ళు చిలకరించారు. చేపపిల్ల తల ఎత్తింది. గట్టు మీద బొత్తాం నిలబడి ఉంది.

బొత్తాం ఆమె క్లాసే. గుండ్రటి నల్లటి కళ్ళు, చొక్కాకి కుట్టిన రెండు బొత్తాల్లా ఉంటాయి. ఆ పేరు పెట్టింది చేపపిల్లే. సెలవులిచ్చినప్పటి నుంచి బొత్తాం రోజూ కొలనుకి వస్తోంది. మెట్ల దగ్గర, నడుం లోతు నీళ్ళలో నిలబడి చేతులు ఆడిస్తుంది. అంతే. అక్కణ్ణుంచి కదలదు.

“ఏయ్, ఇవాళ లోతు వైపు పోదాం రా” అంది చేపపిల్ల.

బొత్తాం అటువైపు ఒకసారి చూసింది.

“అక్కడ నీళ్ళు ఇంకా నీలంగా ఉంటాయే. వెల్లకిలా పడుకుంటే ఏమీ వినపడదు. కల్లో ఉన్నట్టుంటుంది. నేను పట్టుకుంటాగా. వస్తావా?”

“ఊఁ” అంది బొత్తాం.

ఆ ‘ఊఁ’ చాలు చేపపిల్లకి. అప్పుడు ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే, బొత్తాం భుజాలు చెవుల దాకా లేచి ఉండటం కనిపించేది. కాలివేళ్ళు గట్టు అంచుని, కొమ్మను పట్టుకున్న పిట్టలా, బిగించి పట్టుకోవడం కనిపించేది. కానీ చేపపిల్ల అప్పటికే అటు తిరిగి, ఎర్ర తాడు పైకెత్తి పట్టుకుని, “రా, రా” అని పిలుస్తోంది.

ఈత రానివాళ్ళు దాటకూడదని కట్టిన తాడు అది.

బొత్తాం మెట్లు దిగి వచ్చి తాడు కింద నుంచి దూరింది. ఇద్దరూ గట్టు పట్టుకుని చెయ్యి తర్వాత చెయ్యి వేస్తూ వెళ్ళారు. కాళ్ళకు నేల అందడం మానేసింది. బొత్తాం నవ్వింది. పళ్ళు కనిపించాయి. కళ్ళు మాత్రం నవ్వలేదు. అవి అడుగున, ఎక్కడో కింద వణుకుతున్న టైల్స్ వైపే చూస్తున్నాయి.

‘నవ్వుతోందంటే సరదాగా ఉందన్నమాట’ అనుకుంది చేపపిల్ల.

“ఇప్పుడు గట్టు వదులు. నేనున్నాగా. చూడు, ఇలా పడుకోవాలి. మబ్బులాగా.”

ఎలాగో చూపించడానికి తనే వెల్లకిలా తిరిగింది. చెవులు నీళ్ళలోకి వెళ్ళాయి. లోకమంతా ఆగిపోయింది. పైకప్పు మీద వెలుగు వల సాగింది, ముడుచుకుంది. ఒక ఊపిరి. రెండు. మూడు. ఎంత హాయిగా ఉందో!

అరుపు లేదు. నీళ్ళు ఎగజిమ్మిన చప్పుడు లేదు.

నాలుగో ఊపిరికి చేపపిల్ల తల తిప్పి చూసింది. బొత్తాం నీళ్ళలో నిటారుగా ఉంది. తల వెనక్కి వాలి ఉంది. జుట్టు కళ్ళ మీద పడినా తీసుకోవడం లేదు. నోరు నీళ్ళ అంచు దగ్గర తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. కంటికి కనపడని నిచ్చెన ఎక్కుతున్నట్టు రెండు చేతులూ నీళ్ళని కిందికి నొక్కుతున్నాయి.

చేపపిల్లకి నవ్వొచ్చింది.

“భలే నటిస్తున్నావే! అచ్చం చేపలా...”

విజిల్ మోగింది. ఆ మోత ఆగక ముందే ఎవరో దభీమని నీళ్ళలో దూకారు. ఒక బలమైన చెయ్యి బొత్తాం చంక కింద నుంచి వచ్చి, ఆ పిల్లను పైకి లేపింది.

ఆ చెయ్యి చేపపిల్ల వాళ్ళ పిన్నిది. అమ్మకి సొంత చెల్లెలు. ఈ కొలనులో లైఫ్‌గార్డు. రోజంతా ఎత్తు కుర్చీలో కూర్చుని, కళ్ళలో వత్తులేసుకుని నీళ్ళను చూడటమే ఆమె ఉద్యోగం.

*

బొత్తాం చాలాసేపు దగ్గింది. మింగిన నీళ్ళన్నీ కక్కింది. పెదాలు నేరేడు పండు రంగుకి తిరిగాయి. పిన్ని ఆమెను పక్కకి తిప్పి పడుకోబెట్టి, వీపు మీద చెయ్యి వేసి, “వచ్చేసింది తల్లీ, గాలి వచ్చేసింది, అంతే, అంతే” అంటూ కూర్చుంది. తర్వాత డాక్టరు వచ్చి గుండె, ఊపిరి చూసి, ప్రమాదం లేదన్నారు.

కబురు అందగానే బొత్తాం వాళ్ళ నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన గడియారాలు బాగు చేస్తాడు. కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం తీయడం మర్చిపోయి, అలాగే నుదుటి మీదకి నెట్టుకుని వచ్చాడు. ఆవగింజంత మరల్ని కూడా తడబడకుండా బిగించే చేతులాయనవి. ఆ చేతులకి కూతురి చుట్టూ తువ్వాలు చుట్టడం చేతకావడం లేదు. మూడుసార్లు జారిపోయింది.

చేపపిల్ల బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. కాసేపటికి దగ్గరికి వెళ్ళింది.

“సారీ” అంది.

“పర్లేదు” అంది బొత్తాం, తువ్వాలు అంచు చూస్తూ.

చేపపిల్లకి ప్రాణం లేచొచ్చింది. “రేపు వస్తావా?”

“ఊఁ.”

పిన్ని ఇద్దరి వైపూ చూసింది. ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మాత్రం అందరూ అన్నారు. తాడు దాటించినందుకు అమ్మ చీవాట్లు పెట్టింది. వారం రోజులు నీళ్ళలో దిగడానికి వీల్లేదంది. అమ్మ కిటికీ పరదాలు కుడుతుంది. ఆ రోజు కుట్టుమిషను కూడా అమ్మతో కలిసి తిట్టినట్టే దడదడలాడింది.

“ఎందుకు తీసుకెళ్ళావే లోపలికి? నీళ్ళు నమలకుండా చెప్పు.”

“వస్తావా అని అడిగానమ్మా. ఊఁ అంది. ఆ తర్వాత సారీ చెప్తే పర్లేదంది కూడా.”

“ఎలా అంది?”

“ఎలా ఏంటి? నోటితో అంది.”

అమ్మ మిషను ఆపింది. చేపపిల్ల మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, మానేసి, నిట్టూర్చి, మళ్ళీ మిషను తొక్కసాగింది.

*

మర్నాడు బొత్తాం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నీళ్ళలో దిగకపోయినా చేపపిల్ల రోజూ పిన్నితో పాటు కొలనుకి వచ్చింది. గట్టు పక్కన బల్ల మీద కూర్చుని, గుమ్మం వైపు చూసింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడింది. పొట్టివాళ్ళు వచ్చారు, పొడుగువాళ్ళు వచ్చారు. బొత్తాం రాలేదు.

మూడో రోజు పొద్దున ఇక ఉండబట్టలేక పిన్ని కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

“పిన్నీ, అది రావట్లేదేం? వస్తావా అంటే ‘ఊఁ’ అందిగా.”

“లోతు వైపు పోదామన్నప్పుడు కూడా ‘ఊఁ’ అంది కదూ?” అంది పిన్ని.

చేపపిల్ల కుర్చీ నిచ్చెన పట్టుకుని, తలెత్తి పిన్ని మొహంలోకి చూసింది.

పిన్ని కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, తుమ్మినా ఆమె కళ్ళు నీళ్ళ మీద నుంచి కదలవు. అలా చూస్తూనే జేబులోంచి చిన్న డబ్బా తీసి కిందికి అందించింది. అందులో రెండు మైనపు ముద్దలు ఉన్నాయి. ఈదేటప్పుడు నీళ్ళు పోకుండా చెవుల్లో పెట్టుకునేవి.

“ఇవి పెట్టుకుని నా కుర్చీ కింద కూర్చో. ఓ అరగంట. ఎవరేమంటున్నారో నీకు వినపడదు. అయినా ఏం చెప్తున్నారో చూడు.”

“వినపడకపోతే ఎలా తెలుస్తుంది?”

“అదే కదా చూడమంటున్నాను.”

చేపపిల్ల చెవుల్లో మైనం నొక్కుకుంది. కొలను ఒక్కసారిగా దూరం జరిగిపోయింది. నీళ్ళలో తేలుతున్నప్పుడు ఉండే నిశ్శబ్దమే అది. తేడా ఒక్కటే. ఎదురుగా ఇప్పుడు పైకప్పు లేదు, మనుషులున్నారు.

మొదట అందరూ కలిసిపోయి రంగుల మరకల్లా కనిపించారు. ఎర్ర టోపీలు, పచ్చ టోపీలు, తడి వీపులు. నిద్ర ముంచుకొచ్చేలా ఉంది. తర్వాత మెల్లగా ఒక్కొక్కరూ విడివిడిగా బయటికి వచ్చారు, పొగమంచులోంచి ఇళ్ళు బయటపడినట్టు.

ఒక అమ్మ బుడ్డోడిని మెట్ల మీద నిలబెట్టి, ‘వెళ్ళు, వెళ్ళు’ అన్నట్టు చెయ్యి ఊపుతోంది. చెయ్యి వెళ్ళమంటోంది. కానీ ఆమె ఒక కాలు అప్పటికే మెట్టు దిగింది. ఆ బుడ్డోడు అడుగు వేస్తే పట్టుకోవడానికి ఒళ్ళంతా ముందుకు వంగి ఉంది.

ఎత్తు పలక మీద ఒక పొడుగు అన్నయ్య దూకడానికి నిలబడ్డాడు. కింద ఉన్న స్నేహితులతో ఏదో జోకు వేశాడు. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే ఒక చేత్తో రెండో చేతి బొటనవేలిని పిండుతున్నాడు. పిండి, వదిలి, మళ్ళీ పిండాడు.

చివరి వరసలో పోస్టుమాన్ తాతగారు ఉన్నారు. ఉత్తరాలు పంచే ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. రోజూ పది గంటలకు వచ్చి తాబేలులా నెమ్మదిగా ఈదుతారు. ఆయన గట్టు పట్టుకుని గోడ వైపు చూస్తున్నారు. కనుబొమలు ముడిపడ్డాయి. కళ్ళు చిన్నవయ్యాయి. పెదాలు బిగుసుకున్నాయి.

అరగంట అయింది. చేపపిల్ల చెవుల్లోంచి మైనం తీసింది. ఒక్కసారిగా చప్పుళ్ళన్నీ వచ్చి మీద పడ్డాయి.

“చెప్పు” అంది పిన్ని.

“ఆ బుడ్డోడి వాళ్ళమ్మకి వాణ్ణి పంపడం ఇష్టం లేదు. పంపకపోతే ఎలా అని పంపుతోంది.”

“ఊఁ. ఇంకా?”

“ఆ పొడుగు అన్నయ్యకి పలక మీద భయంగా ఉంది. జోకులేస్తున్నాడు గానీ.”

పిన్ని మొదటిసారి చిన్నగా నవ్వింది. “అందుకే రెండు నిమిషాల నుంచి అతన్ని ఒక కంట కనిపెడుతున్నాను. ఇంకా?”

“పోస్టుమాన్ తాతగారికి ఎవరి మీదో కోపం వచ్చింది. చాలా కోపం.”

“నిజంగానా? వెళ్ళి అడిగి రా.”

“అమ్మో! తిడతారు.”

“తిడితే ఒకటో రెండో తిడతారు. వెళ్ళు.”

చేపపిల్ల పిల్లిలా నడుచుకుంటూ వెళ్ళి, గట్టు మీద మూడడుగుల దూరంలో ఆగింది.

“తాతగారూ, మీకు కోపం వచ్చిందా?”

“కోపమా?” పోస్టుమాన్ తాతగారు ఆశ్చర్యపోయారు. ముడి విడిపోయి కనుబొమలు రెండూ నుదుటి మీదకి ఎగిరాయి. “ఎవరి మీదమ్మా? కళ్ళజోడు బట్టల గదిలో పెట్టి వచ్చాను. ఆ గోడ మీద గడియారం ఎంతయిందో చచ్చినా కనపడి చావట్లేదు. ఎంతయింది?”

“పదిన్నర.”

“హమ్మయ్య. ఇంకా రెండు చుట్లు వెయ్యొచ్చు.” ఆయన కిలకిలా నవ్వి నీళ్ళలోకి జారిపోయారు.

చేపపిల్ల నాలుక కరుచుకుని తిరిగి వచ్చింది. “తప్పయింది పిన్నీ. కోపం కాదు. కళ్ళజోడు లేదంతే.”

“అవుతూ ఉంటాయి. నాకూ అవుతాయి.” పిన్ని గొంతు కాస్త తగ్గింది. “మొన్న మీ ఇద్దర్నీ చూసినప్పుడు నేను వెంటనే దూకలేదు, తెలుసా? పక్కన నువ్వు నవ్వుతూ కనిపించావు. ఆడుకుంటున్నారేమో అనుకున్నాను. రెండు క్షణాలు. తర్వాత బొత్తాం చేతులు చూశాను. ఆడుకునేవాళ్ళు జుట్టు కళ్ళ మీద పడితే తోసుకుంటారు. అది తోసుకోలేదు. మునిగిపోయేవాళ్ళు కేకలెయ్యరమ్మా. కేక వెయ్యడానికి ఊపిరి మిగలదు.”

పిన్ని కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. కానీ కుర్చీ చేతిని పట్టుకున్న ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. చేపపిల్ల ఆ వేళ్ళని చూసింది. పిన్నిని అలా చూడటం అదే మొదలు. ఎప్పుడూ ఏ భయమూ లేనట్టుండే పిన్ని, ఆ రెండు క్షణాల్ని రాత్రీ పగలూ మోస్తోందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

చేపపిల్ల కుర్చీ ఎక్కే నిచ్చెన మీద రెండు మెట్లెక్కి, పిన్ని పాదం మీద చెయ్యి వేసింది. పిన్ని పాదం చల్లగా ఉంది. కాసేపటికి పైన వేళ్ళు వదులయ్యాయి.

“పిన్నీ, నేను బొత్తాం వాళ్ళ కొట్టుకి వెళ్ళిరానా?”

“అమ్మకి చెప్పి వెళ్ళు. రోడ్డు చూసుకుని దాటు.”

*

గడియారాల కొట్టు రెండు వీధుల అవతల ఉంది. దారంతా చేపపిల్ల చెప్పాల్సింది వల్లె వేసుకుంది. ‘నువ్వు నటిస్తున్నావనుకున్నాను. అందుకే నవ్వాను. నాకు తెలియదు కదా. నా తప్పు కాదు కదా.’ నాలుగుసార్లు చెప్పుకుంది. బాగానే ఉందనిపించింది.

కొట్టు లోపల మసక వెలుతురు. గోడల నిండా గడియారాలు. ఒకటి టిక్కుమంటే ఇంకొకటి టక్కుమంటోంది. ఏ రెండూ కలిసి కొట్టుకోవడం లేదు. అడవిలో ఆకుల మీద వాన పడుతున్నట్టుంది. బొత్తాం వాళ్ళ నాన్న తల ఎత్తాడు. భూతద్దం వెనక ఒక కన్ను పెద్దగా, ఇంకో కన్ను చిన్నగా ఉన్నాయి.

“నమస్తే అంకుల్.”

ఆయన చేతిలోని పట్టకారు కింద పెట్టాడు. “లోపల ఉందమ్మా” అన్నాడు. గొంతులో కోపం లేదు. అలాగని ఎప్పటిలా ‘చేపమ్మా, ఎప్పుడొచ్చావు నీళ్ళలోంచి’ అని వేళాకోళమూ ఆడలేదు.

వెనక గదిలో బొత్తాం చిన్న పీట మీద కూర్చుని, పనికిరాని గడియారం ముళ్ళన్నీ కాగితం మీద వరసగా పేరుస్తోంది. చేపపిల్లని చూడగానే నవ్వింది.

“రా. కూర్చో.”

“ఒంట్లో ఎలా ఉంది?”

“బాగుంది.”

“మరి రావట్లేదేం?”

“ఊరికే. పనుంది. రేపు వస్తాలే.”

ఇదివరకటి చేపపిల్ల అయితే ఆ మాట పట్టుకుని, గంతులేస్తూ ఇంటికి వెళ్ళిపోయేది. ఈసారి వెళ్ళలేదు. చెవుల్లో మైనం లేదు గానీ, ఉన్నట్టే అనుకుంది. మాటల్ని పక్కన పెట్టి చూసింది.

బొత్తాం పెదాలు నవ్వుతున్నాయి. కాళ్ళు మాత్రం పీట కిందికి, వీలైనంత వెనక్కి ముడుచుకున్నాయి. ‘రేపు వస్తాలే’ అన్నప్పుడు ఆమె వేలు కాగితం మీది ముల్లుని గట్టిగా నొక్కింది. ఆ ముల్లు వంగిపోయింది. చేపపిల్ల లోపలికి వచ్చినప్పటి నుంచి ఆ గుండ్రటి కళ్ళు ఒక్కసారి కూడా చేపపిల్ల కళ్ళని తాకలేదు.

కానీ పోస్టుమాన్ తాతగారి సంగతి గుర్తుంది. చూసిందల్లా నిజం కాకపోవచ్చు.

చేపపిల్ల నేల మీద కూర్చుంది. మరీ దగ్గరగా కాదు. మూరెడు ఎడంగా.

“నీకు నా మీద కోపంగా ఉందా?” అని అడిగింది.

“లేదు.”

“భయంగా ఉందా?”

“లేదులే.”

ఇంకేమీ అడగలేదు. గడియారాలు వానలా కురుస్తున్నాయి. కిటికీలోంచి పడ్డ ఎండ ముక్కలో ధూళి నెమ్మదిగా తేలుతోంది, దానికి కూడా ఈత వచ్చినట్టు. చేపపిల్ల ఆ ధూళిని చూడాలనిపించినా చూడలేదు. బొత్తాం గడ్డాన్ని చూసింది. అది కొద్దిగా వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది.

“నువ్వు నవ్వావు” అంది బొత్తాం.

చాలా చిన్న గొంతు.

“నాకు ఊపిరాడట్లేదు. నిన్ను పిలుద్దామంటే నోట్లోకి నీళ్ళు వస్తున్నాయి. నువ్వు నా వైపే చూశావు. చూసింది, ఇక పట్టుకుంటుంది అనుకున్నాను. నువ్వు నవ్వావు.”

చేపపిల్ల వల్లె వేసుకొచ్చిన మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. నువ్వు నటిస్తున్నావనుకున్నాను. నాకు తెలియదు కదా. నా తప్పు కాదు కదా. ఎదురుగా ఉన్న ఆ మొహాన్ని చూస్తే ఒక్కటి కూడా బయటికి రాలేదు. ఆ మాటలన్నీ తన కోసం కట్టుకున్నవి. వాటిలో బొత్తాంకి పనికొచ్చేది ఏదీ లేదు.

“అవును” అంది. “నవ్వాను. నీ వైపు చూశాను గానీ నిన్ను చూడలేదు.”

బొత్తాం అప్పుడు ఏడ్చింది. వెక్కి వెక్కి, ముక్కు ఎగబీలుస్తూ, మూడు రోజుల ఏడుపూ ఒకేసారి ఏడ్చింది. చేపపిల్లకీ కళ్ళు నిండాయి. ముందు గదిలో పట్టకారు చప్పుడు ఆగింది. ఆయన గుమ్మం దాకా వచ్చి, ఇద్దర్నీ చూసి, చప్పుడు కాకుండా వెనక్కి తగ్గాడు.

“అసలు నాకు రావాలనే లేదు” అంది బొత్తాం కాసేపయ్యాక, చేతి వెనకతో ముక్కు తుడుచుకుంటూ. “లోతు వైపు.”

“మరి వద్దని ఎందుకు అనలేదే?”

“వద్దంటే నువ్వు వేరేవాళ్ళతో పోతావేమోనని.”

చేపపిల్ల వంగిపోయిన ముల్లుని చేతిలోకి తీసుకుంది. ఇన్ని రోజులూ ఎన్ని ‘ఊఁ’లు అలా వచ్చాయో అనుకుంది. రంగు పెన్సిళ్ళు అడిగినప్పుడు ఒక ‘ఊఁ’. బళ్ళో కిటికీ పక్క చోటు అడిగినప్పుడు ఒక ‘ఊఁ’. ఆ ఒక్కొక్క ‘ఊఁ’ వెనకా ఒక మొహం ఉండే ఉంటుంది. ఒక్కటీ గుర్తు రావడం లేదు.

“కిటికీ పక్క చోటు నీకు కూడా ఇష్టమా?” అని అడిగింది.

బొత్తాం తల అడ్డంగా ఊపబోయింది. ఆగింది. నిలువుగా ఊపింది.

“చాలా” అంది. అని, తనకే నవ్వొచ్చి, ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి కళ్ళు కూడా చిన్నవయ్యాయి. రెండు బొత్తాలూ సగం మూతపడ్డాయి. బొత్తాం నిజంగా నవ్వితే ఎలా ఉంటుందో ఇప్పుడు చేపపిల్లకి తెలిసింది.

సరిగ్గా అప్పుడు గోడ మీది గడియారాల్లో ఒకటి పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. అది అయ్యాక ఇంకొకటి అందుకుంది. ఆ తర్వాత మరొకటి. ఐదు నిమిషాల పాటు ఆ కొట్టులో పన్నెండు అవుతూనే ఉంది.

*

ఐదు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం కొలను తలుపు తెరుచుకుంది. బొత్తాం వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. ఆయన గట్టు పక్క బల్ల మీద కూర్చున్నాడు. పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

చేపపిల్లకి ఆ రోజే నీళ్ళలో దిగడానికి అనుమతి వచ్చింది. వారం రోజుల దాహం. ఒళ్ళంతా నీళ్ళ వైపే లాగుతోంది. లోతు వైపు నీళ్ళు ఎప్పటికంటే నీలంగా ఉన్నాయి. అయినా బట్టల గదిలోంచి వస్తూనే నేరుగా మెట్ల దగ్గరికి వెళ్ళి, మొదటి మెట్టు మీద కూర్చుని ఉన్న బొత్తాం పక్కన కూర్చుంది. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి.

ఎవరో చిన్నపిల్ల రబ్బరు బంతి విసిరితే అది తేలుకుంటూ వీళ్ళ కాళ్ళ దగ్గరికి వచ్చి, ఏదో ఆలోచించినట్టు ఆగి, వెళ్ళిపోయింది.

“నువ్వు వెళ్ళి ఈదుకో” అంది బొత్తాం. “నాకేం పర్లేదు. నిజంగా.”

చేపపిల్ల ఆమె వైపు చూసింది. బొత్తాం నోరు వెళ్ళమంటోంది. చెయ్యి మాత్రం చేపపిల్ల మణికట్టుని పట్టుకుని ఉంది. పట్టుకున్నట్టు దానికే తెలియదు.

“ఇప్పుడే ఏం పోతానే” అంది చేపపిల్ల. “ఇక్కడ బాగుంది.”

ఎత్తు కుర్చీలో పిన్ని కళ్ళు కొలనంతా ఒక చుట్టు చుట్టి, మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకు సాగాయి.

ఎండ నెమ్మదిగా జరిగింది. వెలుగు పైకప్పు దిగి, గోడ మీదుగా జారి, వాళ్ళిద్దరి మోకాళ్ళ మీదకి వచ్చింది. మణికట్టు మీద వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. చిటికెన వేలు అన్నిటికన్నా చివర వదిలింది. బొత్తాం భుజాలు కిందికి దిగాయి. కాలివేళ్ళు నీళ్ళలో చిన్న చిన్న సున్నాలు చుట్టడం మొదలుపెట్టాయి.

చేపపిల్ల అన్నీ చూసింది. ‘పోదామా’ అని అడగలేదు. వేచి ఉంది.

చాలాసేపటికి బొత్తాం తనంతట తనే లేచింది. ఒక మెట్టు దిగింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. వెనక్కి తిరిగి చూసింది.

చేపపిల్ల లేచి, తనూ ఒక్క మెట్టే దిగింది.